మన మీదుగా పోయే హెలికాప్టర్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, "అన్నా, కవిత మాత్రం వద్దు, కవితలు ఇప్పటికే చాలా వచ్చినయి" అని ముందే చెప్పేశారు. అమ్మ మీద, స్నేహం మీద, హాస్టల్ సాంబారు మీద ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. అందుకని ఈసారి మన సంచికలో ఎవరూ పెద్దగా ముట్టుకోని సంగతి ఒకటి ఎంచుకున్నాం. అది దేశ రక్షణ, యుద్ధ విమానాలు, వాటి చుట్టూ నడిచే రాజకీయం. మేము అంటే ఈ హాస్టల్లో ఒకే హాలులో చాపలు పరుచుకుని పడుకుని, ఇప్పుడు తలో చోట పీజీ చదువుతున్న చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు వైపు వాళ్ళం. మనకెందుకీ విషయం అని మీకు అనిపించవచ్చు. మాకూ 2025 మే నెల దాకా అలాగే అనిపించేది.

ఆ మే నెలలో సెలవులకు ఊళ్ళకు వచ్చాం. తునికాకు రోజులు. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున మన సేనలు పాకిస్తాన్‌లోనూ, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది చోట్ల దాడి చేశాయి. దానికి ఆపరేషన్ సిందూర్ అని పేరు పెట్టారు. సాయంత్రం తునికాకు కల్లం దగ్గర కుర్రాళ్ళంతా ఒకే ఫోన్ చుట్టూ మూగి ఆ వీడియోలు చూస్తున్నాం. రఫేల్ అట, బ్రహ్మోస్ అట, చప్పట్లు, ఈలలు. సరిగ్గా అప్పుడే తల మీదుగా ఒక హెలికాప్టర్ కర్రెగుట్టల వైపు పోయింది. కట్టలు లెక్కపెడుతున్న మా పెద్దమ్మ చేతిలో ఆకు ఆపి పైకి చూసి అడిగింది: "ఆడ బాంబులేసేదీ, ఈడ తిరిగేదీ ఒకటేనారా? సదువుకున్నోళ్ళు గదా, చెప్పున్రి."

ఆ పూట మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

అప్పుడు జరుగుతున్నది ఇదీ. చత్తీస్‌గఢ్–తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టలను ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా వేలాది భద్రతా బలగాలు చుట్టుముట్టాయి. 31 మంది మావోయిస్టులు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ గుట్టల చుట్టూ మందుపాతరలు పెట్టామని, ఎవరూ రావద్దని మావోయిస్టులు ఏప్రిల్ మొదట్లోనే ప్రకటన ఇచ్చారు. మే 8న ములుగు జిల్లా సరిహద్దు అడవిలో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. గుట్ట మీదికి మనుషులనూ సరుకులనూ చేర్చింది, గాయపడిన వాళ్ళను దించింది హెలికాప్టర్లు. అంటే పశ్చిమ సరిహద్దులో యుద్ధం లాంటిది నడుస్తున్న ఆ రోజుల్లోనే మన గోదావరి పక్క అడవిలోనూ ఇంకో యుద్ధం లాంటిది నడిచింది. టీవీలు మొదటిదాన్ని ఇరవై నాలుగు గంటలూ చూపించాయి. రెండోదాన్ని మేము టీవీ లేకుండానే చూశాం.

పెద్దమ్మ ప్రశ్నకు సూటి జవాబు: ఒకటి కాదు. పాకిస్తాన్ మీదికి పోయినవి యుద్ధ విమానాలు, ఇవి రవాణా హెలికాప్టర్లు. కానీ రెండూ ఒకే దేశానివి, ఒకే ఖజానా సొమ్ముతో కొన్నవి. ఆ సొమ్ములో పెద్దమ్మ కొన్న సబ్బు మీద, చెప్పుల మీద కట్టిన పన్ను కూడా ఉంది. కాబట్టి అది ఎందుకు ఎగురుతోంది, ఎవరి మీదుగా ఎగురుతోంది, ఎప్పుడు రాకుండా పోతోంది అని అడిగే హక్కు ఆమెకు ఉంది. మేము చెప్పదలచుకున్నది ఇంతే. దేశ రక్షణ అనేది కింద ఉన్న మనిషి కూడా లెక్క అడగగల విషయం. అడిగినంత మాత్రాన దేశం మీద ప్రేమ తగ్గినట్టు కాదు.

ముందుగా ఒక తప్పుడు లెక్కను పక్కన పెడదాం. వక్తృత్వ పోటీల్లో మనలో చాలామంది చేసిన లెక్కే. 2016 సెప్టెంబరులో ఫ్రాన్స్‌తో 36 రఫేల్ విమానాలకు సుమారు 59 వేల కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఆయుధాలు, విడిభాగాలు, మిగతా ఏర్పాట్లు అన్నీ కలిపి చూస్తే ఒక్కో విమానానికి 1,640 కోట్లు దాకా పడుతుంది. మన రాష్ట్రంలో ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 ఉన్న మెస్ ఛార్జీని 2024లో 2,100 చేశారు. పది నెలలకు 21 వేలు. అంటే ఒక్క రఫేల్ సొమ్ముతో ఏడు లక్షల ఎనభై వేల మందికి ఏడాది భోజనం పెట్టవచ్చు. ఈ మాట చెప్పగానే చప్పట్లు పడతాయి. మాకూ పడ్డాయి, కప్పు కూడా ఇచ్చారు.

లెక్క సరిగానే ఉంది, వాదన మాత్రం సగమే. ఆ విమానం ముప్పై నలభై ఏళ్ళు ఉంటుంది, భోజనం ప్రతి ఏడాదీ కావాలి. పక్క దేశాల దగ్గర విమానాలున్నంత కాలం మన దగ్గర వద్దనడం కుదరదు. 1962లో చైనా యుద్ధంలో మన యుద్ధ విమానాలను దాడికి వాడలేదు. అది సరైన నిర్ణయమా కాదా అని ఈనాటికీ చర్చ నడుస్తూనే ఉంది. విమానం ఉండటం ఒక ఎత్తు, దాన్ని ఎప్పుడు లేపాలో తేల్చుకోవడం మరో ఎత్తు. కాబట్టి విమానాలు వద్దని మేము అనడం లేదు. 2025–26లో రక్షణకు కేటాయించిన 6 లక్షల 81 వేల కోట్లకు ఓటరు కూడా జమాఖర్చు చూడాలి అంటున్నాం. మన మెస్ కమిటీ నెలాఖరుకు లెక్కలు గోడకు అంటించదా? కూరగాయల రేటు అడిగినవాణ్ణి హాస్టల్ ద్రోహి అంటామా?

ఈ ప్రాంతానికి యుద్ధ విమానం కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు కాకినాడ తూర్పు గోదావరి జిల్లా కేంద్రం, మన భద్రాచలం ఆ జిల్లాలోనే ఉండేది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగినప్పుడు భారత వైమానిక దళం బీదరు, వరంగల్ విమానాశ్రయాల మీద బాంబులు వేసింది. ఖమ్మం అప్పుడు వరంగల్ జిల్లాలో భాగం. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో, భద్రాచలం అందులో కలిసింది 1959లో. అంటే తర్వాత ఒకే జిల్లా అయిన ఈ రెండు ముక్కల చరిత్రలోనూ విమానం ఒకసారి పరాయి దేశానిది, ఒకసారి మన దేశానిది వచ్చి పోయింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో మాకు కనపడలేదు.

స్వతంత్ర భారతదేశంలో సొంత పౌరులున్న పట్టణం మీద వైమానిక దళం బాంబులు వేసిన సందర్భం కూడా ఒకటి ఉంది. మిజో తిరుగుబాటు కాలంలో 1966 మార్చి 5న ఐజ్వాల్ మీద మన విమానాలే దాడి చేశాయి. మిజోరంలో శాంతి ఒప్పందం కుదిరింది 1986లో. బాంబుకు, ఒప్పందానికి మధ్య ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో ఎన్ని కుటుంబాలు ఊళ్ళు మారాయో, ఎంతమంది పిల్లల చదువు ఆగిపోయిందో ఆలోచించండి. మనకు అర్థం కానిదేమీ కాదు. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు వదిలి గోదావరి ఇవతలికి వచ్చిన గుత్తికోయల పిల్లలు మనతో పాటు బడికి వచ్చారు. వాళ్ళకు తెలుగు రాదు, మాకు వాళ్ళ మాట రాదు. మొదటి ఆరు నెలలూ పలకలతోనే మాట్లాడుకున్నాం. పౌరుల చేతికి ఆయుధాలిచ్చే ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికి ఆ పిల్లలు ఇక్కడే పెద్దవాళ్ళవుతున్నారు.

ఐజ్వాల్ అనుభవం వల్లనో మరెందువల్లనో, మధ్య భారతం అడవుల్లో వైమానిక దళాన్ని దాడికి దింపే విషయంలో చాలాకాలం సంయమనం కనిపించింది. ఇది మనం గౌరవంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2008 నవంబరులో ఎన్నికల విధుల్లో ఉన్న వైమానిక దళ హెలికాప్టర్ మీద బీజాపూర్ జిల్లాలో కాల్పులు జరిగి ఒక సార్జెంట్ చనిపోయారు. మరుసటి ఏడాది వైమానిక దళం అడిగింది ఆత్మరక్షణ కోసం తిరిగి కాల్చే అనుమతి మాత్రమే. 2010 ఏప్రిల్ 6న దంతెవాడలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు విమానాలతో దాడి చేయాలని దేశమంతా కోపంగా అడిగింది. అప్పటి వైమానిక దళాధిపతి పి.వి.నాయక్ అందుకు మొగ్గు చూపలేదు. సైన్యానికి ఇచ్చే శిక్షణ, ఆయుధాలు సరిహద్దు అవతలి శత్రువు కోసమనీ, తక్కువ నష్టంతో సరిపెట్టడానికి కావనీ ఆయన ఉద్దేశం. యూనిఫాం వేసుకున్న మనిషే ఆ మాట చెప్పాడు. ఆ మాటే మనలాంటి వాళ్ళం చెబితే వేరే అర్థం తీస్తారు.

ఆ తర్వాత డ్రోన్లు వచ్చాయి. 2021 నుంచి బస్తర్ సరిహద్దు గ్రామాల వాళ్ళు రాత్రిపూట పైనుంచి బాంబులు పడ్డాయని పలుమార్లు ఆరోపించారు. పోలీసులు అదేమీ లేదన్నారు. ఎవరు నిజం చెబుతున్నారో మేము కళ్ళతో చూడలేదు, కాబట్టి తీర్పు చెప్పం. కానీ ఆరోపణ ఒకవైపు, ఖండన ఒకవైపు ఉండి, మధ్యలో స్వతంత్ర విచారణ లేకపోతే ఊళ్ళో మనిషికి మిగిలేది పుకారు. పుకారు నమ్మి చేనులోకి పోనివాళ్ళు, పిల్లల్ని బడి మాన్పించినవాళ్ళు మాకు తెలుసు. అడవిలో తుపాకీ పట్టుకున్న వాళ్ళు చేసిన హత్యలకు, పెట్టిన మందుపాతరలకు కూడా ఇదే కొలత వర్తించాలి. ఇన్ఫార్మర్ అనే ముద్ర వేసి ఊరి మనిషిని చంపినప్పుడు అడిగే దిక్కు లేకుండా పోయింది కూడా మన దగ్గరే. లెక్క అందరూ చెప్పాలి. చట్టం పేరుతో పనిచేసేవాళ్ళు ముందు చెప్పాలి.

నిజం ఆలస్యంగా బయటికి రావడం మన ఒక్క అడవికే పరిమితం కాదు. 2019 ఫిబ్రవరి 26న మన విమానాలు బాలాకోట్ మీద దాడి చేశాయి. మర్నాడు పాకిస్తాన్ విమానాలు వచ్చాయి. ఆ హడావుడిలో శ్రీనగర్ దగ్గర బడ్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్ ఒకటి కూలిపోయి ఆరుగురు వైమానిక సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణే. అది పెద్ద తప్పిదమని వైమానిక దళాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నది 2019 అక్టోబరు 4న. మధ్యలో సార్వత్రిక ఎన్నికలు జరిగిపోయాయి. సభల్లో బాలాకోట్ పేరు మోగింది, బడ్గాం పేరు వినపడలేదు. 2025లోనూ మన యుద్ధ విమానాలు కొన్ని పోయాయన్న సంగతిని త్రివిధ దళాధిపతి అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో విదేశీ వార్తా సంస్థలతో మాట్లాడుతూ ఒప్పుకున్నారు, ఎన్నో చెప్పలేదు. యుద్ధం నడుస్తుండగా అన్నీ చెప్పమని ఎవరూ అడగరు. ముగిశాక మాత్రం ఆ మాట మొదట వినాల్సింది మనం. తప్పు ఒప్పుకున్న సైన్యం చిన్నబోదు. బడ్గాంలో చనిపోయిన ఆరుగురి ఇళ్ళలో ఏడు నెలలు ఏం అనుకుని ఉంటారో ఊహించుకుంటే నిజం విలువ తెలుస్తుంది.

ఇప్పుడు మా పెద్దమ్మ పైకి చూసిన హెలికాప్టర్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఎంఐ-17 అనేది రష్యా యంత్రం. దాని కొత్త రకం ఎంఐ-17 వి5 మన దేశానికి 151 వచ్చాయి. సియాచిన్‌కు సరుకులు మోసేది అదే, అడవికి బలగాలను తెచ్చేది అదే, వరదల్లో మనుషులను లేపేది కూడా అదే. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో సహాయం చేస్తూ కూలిపోయి అందులోని 20 మందీ చనిపోయింది ఆ రకమే. 2021 డిసెంబరులో కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ ప్రాణాలు పోయింది అందులోనే. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక రష్యా నుంచి సరఫరాలు ఆలస్యమవుతున్నాయని 2023లో వైమానిక దళమే పార్లమెంటు సంఘానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటే ఆ దెబ్బ మన దాకా వచ్చేది ఇలాగే.

అదే హెలికాప్టర్ కోసం మనం ఆకాశం వైపు చూసిన రోజులూ ఉన్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిందని మన తాతలు కథలుగా చెప్పేవారు. 2022 జూలై 16న 71.3 అడుగులు మేమే చూశాం. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వంతెన ఆగితే భద్రాచలం నుంచి వాజేడు దాకా అవతలి ఒడ్డు మొత్తం ఒక దీవి. సైన్యాన్ని, హెలికాప్టర్‌ను పిలిపించారు. పిలిపించాల్సి వచ్చిందన్నదే మా బాధ. ప్రతి జూలై, ఆగస్టుల్లో గోదావరి వస్తుందని తెలిసిన చోట ముందే ఎందుకు ఉంచకూడదు?

ఖమ్మం సంగతి ఇంకా దగ్గరిది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ కోసం విశాఖ వైపు ప్రయత్నించారు, వాతావరణం బాగాలేక రాలేకపోయింది. చివరికి హర్యానా నుంచి పని కోసం వచ్చిన సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్, పోతే నేనొక్కణ్ణే పోతాను అనుకుని నీళ్ళలోకి బండి దించి తొమ్మిది మందినీ ఒడ్డుకు తెచ్చాడు. ఆయనకు మనమంతా చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక జిల్లా కేంద్రంలో, నడిబొడ్డున, పట్టపగలు పౌరుల ప్రాణాలు ఒక కూలీ మనిషి గుండె ధైర్యం మీద ఆధారపడటం ప్రభుత్వాలు గర్వపడే విషయం కాదు. వాన, గాలి ఎవరి మాటా వినవు, నిజమే. ఆ సంగతి తెలిసి కూడా హెలికాప్టర్ వందల మైళ్ళ దూరంలో ఉండటం మాత్రం మనుషుల నిర్ణయం.

ఇంకో జ్ఞాపకం కూడా చెప్పాలి. 2008 ఆగస్టు 3న బేగంపేట నుంచి జగదల్‌పూర్ మీదుగా రాయపూర్‌కు బయలుదేరిన బెల్-430 హెలికాప్టర్ నలుగురితో సహా కనిపించకుండా పోయింది. వెతికారు, దొరకలేదు. మూడు నెలలు దాటాక నవంబరులో మన వెంకటాపురం మండలం గుట్టల్లో శకలాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది, 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. అదీ బెల్-430 రకమే. వైమానిక దళం హెలికాప్టర్లు, సుఖోయ్ విమానం, ఇస్రో అన్నీ కదిలాయి, మర్నాటి ఉదయానికే ఆచూకీ దొరికింది. ముఖ్యమంత్రి కోసం అంత వెతకడం తప్పని ఎవరూ అనరు. దేశం తలుచుకుంటే ఏం చేయగలదో ఆ రోజు తెలిసింది. ఆ తలుచుకోవడం మిగతా వాళ్ళ కోసం కూడా జరగాలన్నదే ఆశ. మన ఊళ్ళలో కాన్పు కష్టమైన తల్లిని మంచానికి తాళ్ళు కట్టి భుజాల మీద వాగు దాటించిన వాళ్ళు ఇది చదువుతున్న పూర్వ విద్యార్థుల్లో కూడా ఉన్నారు. అప్పుడు పైన హెలికాప్టర్ పోతే వాళ్ళకు ఏమనిపించి ఉంటుంది? ఇది కుదరని కోరిక కాదు. ఉత్తరాఖండ్‌లో రిషికేశ్ ఎయిమ్స్ నుంచి కొండ ఊళ్ళ రోగుల కోసం 2024 అక్టోబరులో ఉచిత హెలికాప్టర్ అంబులెన్స్ మొదలుపెట్టారు. 2025 మేలో అది కేదార్‌నాథ్ దగ్గర దిగుతూ దెబ్బతింది. కష్టం ఉందని అది చెబుతుంది, అసాధ్యమని కాదు.

ఇక ఆకాశంలోకి పోవాలనుకునే తమ్ముళ్ళ సంగతి. మన గ్రౌండ్‌లో ఉదయం అయిదింటికి పరుగెత్తే వాళ్ళలో సగం మందికి సైన్యం, వైమానిక దళం, కేంద్ర బలగాలే ఆశ. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. మూడు రోజులకే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఏం జరిగిందో, పోలీసు కాల్పుల్లో మన వరంగల్ వైపు యువకుడు ఒకరు ఎలా పోయాడో మరిచిపోలేదు. ఇష్టం ఉన్నా లేకున్నా ఇప్పుడున్న దారి అదే కాబట్టి లెక్క తెలుసుకుని వెళ్ళండి. ఉద్యోగం నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. అందులో 30 శాతం నిధికి కోత పెడతారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్ళకు వడ్డీ కాక 10 లక్షల 4 వేలు చేతికి వస్తాయి. నూటికి 25 మంది దాకా కొనసాగుతారు. మిగిలిన వాళ్ళకు పింఛను, గ్రాట్యుటీ లేవు.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మురళీనాయక్ అగ్నివీరుడే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని తండా బిడ్డ. టీవీలో ఆ తండాను చూపించినప్పుడు మా ఊరే చూపిస్తున్నట్టు అనిపించింది. అదే రేకుల కప్పు, అదే ఆరుబయటి మంచం. స్టూడియోలో కూర్చుని యుద్ధం ఇంకా కొనసాగించాలని అరిచినవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాకు తెలియదు. యుద్ధం వస్తే ముందు వరుసలో ఉండే పిల్లలు ఎలాంటి ఇళ్ళ నుంచి వస్తారో మాత్రం తెలుసు. ప్రాణం ఇచ్చేటప్పుడు నాలుగేళ్ళ సైనికుడికీ ఇరవై ఏళ్ళ సైనికుడికీ తేడా లేనప్పుడు, బతికి వచ్చాక తేడా ఎందుకు? ఈ ప్రశ్న అడగటం సైన్యాన్ని అవమానించడం కాదు. సైన్యంలో ఉన్న మన తమ్ముడి తరఫున మాట్లాడటం.

కాబట్టి మేము అడిగేవి మూడు. ఒకటి, గోదావరి వరద నెలల్లో భద్రాచలం ప్రాంతంలో ఒక సహాయ హెలికాప్టర్ సిద్ధంగా ఉండాలి. అది వరదకే కాదు, వాగు దాటలేని రోగికి కూడా పనికి రావాలి. రెండు, సొంత దేశంలో ఆకాశం నుంచి బలప్రయోగం జరిగిందన్న ఆరోపణ వచ్చిన ప్రతిసారీ స్వతంత్ర విచారణ జరిగి, ఫలితం ఆ ఊరి వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. మూడు, నాలుగేళ్ళు దేశానికి ఇచ్చి వచ్చిన అగ్నివీరుడికి తర్వాతి బతుకుకు మాటల హామీ కాక చట్టం హామీ ఉండాలి.

ఇవి మేము అడిగితే వచ్చేవి కావని తెలుసు. ఈ హాస్టల్లో కూడా ఏదీ ఒక్కసారి అడిగితే రాలేదు. బాత్‌రూం తలుపుల కోసం మూడేళ్ళు అర్జీలు పెట్టాం. నాలుగో ఏడాది వచ్చినవాళ్ళకు తలుపులు వచ్చాయి, మాకు రాలేదు. అయినా అడిగింది మేమే అని ఇప్పటికీ చెప్పుకుంటాం. మన హాస్టల్ నేర్పిన చదువుల్లో అర్జీ రాయడం ఒకటి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, యుద్ధం వీడియో చూస్తే ఒళ్ళు పులకరించడం తప్పేమీ కాదు, మాకూ పులకరించింది. చూశాక ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టి, ఆ విమానం కింద ఎవరున్నారు, లోపల ఎవరున్నారు, ఖర్చు ఎవరిది అని ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. పేపర్ చదవండి, బడ్జెట్ అంకెలు నోట్సులో రాసుకోండి, పోటీ పరీక్షలకు కూడా పనికొస్తాయి. సైన్యంలో చేరేవాళ్ళు చేరండి, మంచి సైనికులు కండి. విమానాలు తయారుచేసే చోట ఇంజనీర్లు కండి. కలెక్టర్లు కండి. ఎవరైనా కలెక్టరయితే ఆ మొదటి డిమాండు ఫైలు మాత్రం ముందు తీయండి.

పోయిన సెలవుల్లో ఈ సంగతులన్నీ పెద్దమ్మకు చెప్పాం. రఫేల్ ధర విని నమ్మలేదు. బడ్గాం సంగతి విని "అయ్యో బిడ్డలు" అంది. అంతా విన్నాక, తునికాకు కట్ట కట్టుకుంటూ, "మళ్ళీ గోదారొచ్చినప్పుడు గది వస్తదా రాదా, అది చెప్పున్రి ముందు" అంది. దానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు. ఎవరికైనా దొరికితే వచ్చే వార్షికోత్సవ సంచికలో రాయండి.